అరగ్రాము గారి గురి

అమ్మానాన్నలు ఆయనకి పెట్టిన పేరొకటి ఉండేది. అది పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన అరగ్రామే. తూనికలూ కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి, ఆ మధ్యకాలంలో ఎప్పుడో మేకులమ్ముకునే ఒక ముసలాడి త్రాసు అరగ్రాము తేడా చూపించిందని దాన్ని పట్టుకెళ్ళి సీలు వేయించిన మహానుభావుడు. బంగారమైతే పోనీలే అనుకోవచ్చు. మేకులు! అరగ్రాముకి మేకు తల కూడా రాదు. ఆ ముసలాడు నడిబజారులో నిలబడి, నోరారా పెట్టిన పేరు అది. సీలు వారానికి ఊడింది గానీ పేరు ఈనాటికీ ఊడలేదు.

ఆ పేరంటే ఆయనకి కోపమనుకుంటే పొరపాటే. పైకి చిరాకు పడేవాడు గానీ లోలోపల తెగ మురిసిపోయేవాడు. "కంటితో కొలిచేవాడు దొంగ, చేత్తో కొలిచేవాడు గజదొంగ" అన్నది ఆయన సొంత సామెత. దాన్ని రోజుకి నాలుగుసార్లయినా అనకపోతే తిన్నది అరిగేది కాదు. పంచదార కొట్టువాడు గుప్పెడు కొసరు వేస్తే కూడా ఊరుకునేవాడు కాదు. కొసరంటే కొలత మీద నమ్మకం లేకపోవడమేనని అక్కడే నిలబెట్టి పాఠం చెప్పేవాడు. దాంతో ఆ వీధిలో ఆయనకి కొసరు వెయ్యడం మానేశారు. పలకరించడం కూడా తగ్గించారు.

బయట ఇంత పులి ఇంట్లో పిల్లి అయి ఉంటాడని ఆశపడకండి. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో కవాతు జట్టు కట్టారు. నూట ముప్ఫై సెంటీమీటర్లు ఉన్నవాళ్ళనే తీసుకుంటామని, ఎత్తు కొలిచి, రాసి, తండ్రి సంతకంతో పంపమని ఒక కాగితం ఇచ్చారు. తక్కిన తండ్రులు పిల్లల్ని ఒకసారి ఎగాదిగా చూసి నూట ముప్ఫై ఐదని రాసి పడేశారు. మన ఇన్‌స్పెక్టరు గారు మాత్రం పిల్లని వంటింటి గుమ్మానికి ఆనించి, తల మీద స్కేలు పెట్టి, జుట్టు లెక్కలోకి రాదని దాన్ని అదిమిపట్టి, గుమ్మం చెక్క మీద పెన్సిల్‌తో గీత గీసి, ఉక్కు టేపుతో కొలిచి, నూట ఇరవై తొమ్మిదిన్నర అని రాశాడు. పిల్ల జట్టులోకి వెళ్ళలేదు. ఆ కథని ఆయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. "నా కూతురే కదా అని అరసెంటీమీటరు కలిపానా? కలిపానా చెప్పండి?" అని గుమ్మం మీది గీత చూపించేవాడు. చుట్టాలు గీతని చూసి, కాఫీ తెచ్చిన పిల్లని చూసి, కప్పులోకి చూసుకునేవారు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ బెడద బజారంతా పంచుకుంది. పదవీవిరమణ అయ్యాక మొత్తం ఇల్లాలి నెత్తిన పడింది. పొద్దున్నే వంటింట్లో ఆమె పక్కన నిలబడేవాడు.

"కూరలో ఉప్పెంత వేశావు?"

"తగినంత."

"తగినంత అంటే ఎంత?"

"మీ నోరు మూతపడేంత."

నెల తిరక్కుండానే ఆమె చేతులెత్తేసింది. ముప్ఫై ఒక్కేళ్ళ కూతురు ఆదివారం పొద్దున్న స్కూటరు బయటికి తీస్తుంటే వెనకాలే వచ్చి, "ఈ మనిషిని నీతోపాటు తీసుకుపోవే తల్లీ. నీ తుపాకుల దగ్గరికే తీసుకుపో. అక్కడి చప్పుడుకైనా ఈయన మాట వినబడకుండా పోతుంది" అంది.

కూతురు వారమంతా పంపుల ఫ్యాక్టరీలో పరీక్షగదిలో పనిచేస్తుంది. తయారైన పంపు సరిగ్గా నీళ్ళు తోడుతోందో లేదో చూసి ముద్ర వేసే పని. ఎంతైనా ఆ రక్తమే. ఆదివారాలు మాత్రం దూరం గురి కొట్టే రైఫిల్ షూటింగ్ క్లబ్బులో కొత్తవాళ్ళకి నేర్పిస్తుంది. ఎనిమిదేళ్ళుగా వెళ్తోంది. ఆ ఎనిమిదేళ్ళలో అక్కడేం చేస్తావని తండ్రి ఒక్కసారీ అడగలేదు. "తూటాలు తగలేసే పని" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇప్పుడు ఇల్లాలు గెంటితే, ఇంకో దారి లేక, వెనక సీటెక్కాడు.

క్లబ్బు మైదానం పాత కంకర క్వారీలో ఉంది. ఒక చివర కాల్చేవాళ్ళు బోర్లా పడుకునే గట్టు. ఆరువందల మీటర్ల అవతల మట్టికొండ. దానికి ముందు మనిషిన్నర లోతు గుంట. టార్గెట్లన్నీ పెద్ద చట్రాలకి బిగించి, ఆ గుంటలోంచి కప్పీల మీద పైకి లేపుతారు. తూటా కాగితాన్ని దూసుకుపోగానే గుంటలోని మనిషి చట్రాన్ని కిందకి లాగి, కన్నం ఎక్కడ పడిందో చూసి, దాంట్లో ఒక తెల్ల బిళ్ళ గుచ్చి, అంతకుముందు కన్నానికి కాగితం ముక్క అతికించి, మళ్ళీ పైకి తోసి, మార్కెంతో బోర్డు మీద చూపిస్తాడు. నడిమి నల్ల గుండ్రానికి ఐదు, దాని చుట్టూ వలయానికి నాలుగు, ఆ బయట మూడు, రెండు. కాల్చినవాడు దుర్భిణిలోంచి ఆ బిళ్ళని చూసుకుని, ఏడవాలో నవ్వాలో తేల్చుకుంటాడు. అందరూ వంతులవారీగా కాలుస్తారు, వంతులవారీగా గుంటలోకి దిగుతారు. కొత్తవాళ్ళయితే కాల్చేది తక్కువ, దిగేది ఎక్కువ.

అక్కడి మనుషుల గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. ఒక పళ్ళ డాక్టరున్నాడు. తోలు పట్టీల కోటు, మోచేతులకి మెత్తలు, టోపీకి రెండు పక్కలా రెక్కలు, పెళ్ళికొడుకు కూడా అంతసేపు ముస్తాబవడు. గురి తప్పితే గాలిదే తప్పు, గాలి లేకపోతే తూటాదే తప్పు, అదీ కాకపోతే పక్కవాడు దగ్గాడు. మెడలో ఈల వేసుకుని తిరిగే కెప్టెనొకడు. రెండు చెవులకీ చప్పుడు ఆపే మఫ్ఫులు తగిలించుకుని, ఎవరేమడిగినా "రూలు అంతే" అనేవాడు. ఒక ఆసుపత్రి నర్సు ఉంది. ఆవిడొక్కతే అక్కడ మాట్లాడాల్సినంత మాట్లాడేది. అరగ్రాము వచ్చిన గంటలోనే వీళ్ళందరినీ పనికిరానివాళ్ళ ఖాతాలో వేసేశాడు. చీటికిమాటికీ తప్పు పట్టడానికి బోలెడంత సరుకు దొరికేసరికి, ఆయనకి ఆ చోటు తెగ నచ్చేసింది. నేర్చుకుంటానన్నాడు.

మొదటి పాఠంలోనే గొడవ.

"ఇందులో నేర్చుకోడానికేముంది? ఎక్కడ చూస్తే అక్కడ తగలాలి. తూటా తిన్నగా పోతుంది కదా" అన్నాడు.

"పోదు నాన్నా. రాయి విసిరినట్టే. పైకి లేచి, కిందకి దిగుతుంది. ఆరువందల మీటర్లకి మనిషెత్తుకి రెట్టింపు దిగిపోతుంది. ఆ దిగేదంతా ముందే లెక్కేసి తుపాకీ మీది స్కోపు తిప్పుకోవాలి."

"అయితే గురి చూసేది ఒకటీ, తుపాకీ మొహం పెట్టేది ఇంకొకటీనా? ఇది మోసం కాదూ?"

"గాలి కూడా చూడాలి. ఆ జెండాలు అందుకే."

దారి పొడుగునా కట్టిన ఎర్రజెండాలని ఆయన అప్పటిదాకా ఎవరో మంత్రి వస్తున్నాడని కట్టారనుకున్నాడు. ఆ సంగతి పైకి చెప్పలేదు గానీ, "జెండా చూసి కొలవడమేమిటి, అంకెలుండవా?" అని సణిగాడు.

రెండు వారాలు తూటా చేతికివ్వలేదు. ఖాళీ రైఫిలు గొట్టం మీద ఒక చిల్లర బిళ్ళ నిలబెట్టి, అది పడిపోకుండా ట్రిగ్గర్ నొక్కమంది కూతురు. ఊపిరి సగం వదిలి, ఆగి, వేలు మాత్రమే కదలాలంది. బిళ్ళ పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, బిళ్ళ అంచు అరిగిపోయిందన్నాడు. వేరే బిళ్ళ పెట్టింది. చాప ఎగుడుదిగుడుగా ఉందన్నాడు. చాప మార్చింది. ఆ పిల్ల ఓర్పు మేకుల ముసలాడు చూసి ఉంటే, పూలదండ తెచ్చి మెడలో వేసేవాడు.

మూడో ఆదివారం మూడువందల మీటర్ల దగ్గర మొదటిసారి నిజం తూటాలు ఇచ్చారు. ఐదు కాల్చాడు. గుంటలోంచి ఐదుసార్లూ సున్నా చూపించారు. "గుంటలో ఉన్నవాడికి కళ్ళు కనబడవు" అన్నాడు. పక్క చాప మీద కొత్తగా చేరిన కాలేజీ అమ్మాయి టార్గెట్‌కి మాత్రం ఐదు తూటాలకి పది కన్నాలు పడ్డాయి. "ఇంత గురి ఉన్నదానివి క్లాసుకెందుకొచ్చావమ్మా?" అని ఆ పిల్లని మెచ్చుకున్నాడు కూడా. ఆయన ఇంకొకరిని మెచ్చుకోవడం కూతురు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కాకపోతే ఆ మెచ్చుకోలు ఆయనకే చెందుతుంది. ఎక్కువైన ఆ ఐదు కన్నాలూ ఆయనవే. తన నంబరు నాలుగైతే ఐదో నంబరు టార్గెట్ మీద శ్రద్ధగా కాల్చుకుంటూ పోయాడు.

కూతురు నవ్వలేదు. "అందరూ ఒకసారి చేసే తప్పే నాన్నా. కాల్చేముందు నంబరు చదువుకోవాలి. అయినా ఐదూ దగ్గర దగ్గరగా పడ్డాయి. బాగుంది" అంది.

"తప్పు టార్గెట్ మీద పడితే బాగుందేమిటి?"

"గుంపు బాగుంది."

ఆ పిల్ల అందరికీ అంతే. ఎవరేం కాల్చినా అందులో బాగున్నదేదో వెతికి పట్టుకుని, బాగుంది అంటుంది. "ఊరికే అలా బాగుంది బాగుంది అంటే చెడిపోతారు" అని ఆయన స్కూటరు మీద తిరుగుదారి పొడుగునా హితబోధ చేశాడు. ఆ పిల్ల హెల్మెట్ పెట్టుకుంది కాబట్టి బతికిపోయింది.

గుంటలో పని కూడా తనే నేర్పింది. అంగుళం పొడవుండే ఇత్తడి గేజు ఒకటి చేతిలో పెట్టింది. తూటా ఎంత లావో దాని అంచు సరిగ్గా అంత లావు.

"గీత పక్కన కన్నం పడితే దీన్ని కన్నంలో పెట్టి చూడాలి నాన్నా. కంటితో చెప్పకూడదు. తూటా దూసుకుపోయాక కాగితం ముడుచుకుంటుంది. కన్నం అసలు తూటా కంటే చిన్నదిగా కనబడుతుంది. గేజు అంచు గీతకి తగిలితే చాలు, పై మార్కే."

"తగిలితే చాలా? సగం పైగా లోపల ఉండక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఇక్కడ అనుమానమొస్తే కాల్చినవాళ్ళ వైపే."

అరగ్రాము ఆ గేజుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముప్ఫై నాలుగేళ్ళు అనుమానమొస్తే త్రాసు పట్టుకున్నవాడిదే తప్పని రాసిన చెయ్యి అది. "ఇది ఆటా, సత్రమా?" అన్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఆయన గురి మెరుగుపడిందా అంటే, తన టార్గెట్ మీదే కాలుస్తున్నాడు. అంతవరకూ మెరుగే. ఇంతలో జట్టు ఎంపిక వచ్చింది.

రాష్ట్రస్థాయి పోటీలకి క్లబ్బు తరఫున నలుగురిని పంపుతారు. ముగ్గురు ఖాయమైపోయారు. నాలుగో చోటు కోసం ఇద్దరు మిగిలారు, పళ్ళ డాక్టరూ, కూతురూ. డాక్టరు వరసగా నాలుగేళ్ళు వెళ్ళొచ్చినవాడు. కూతురు కిందటేడు రెండు మార్కుల్లో, అంతకుముందేడు మూడు మార్కుల్లో తప్పిపోయింది. ఈసారి కాకపోతే ఇంకెప్పుడో అనడానికి లేదు. వచ్చే వారం నుంచి ఫ్యాక్టరీలో ఆమెకి ఆదివారం షిఫ్టు వేశారు. సెలవు బుధవారం. బుధవారం మైదానానికి తాళం. పోటీలకి వెళ్ళే జట్టులో ఉంటే మాత్రం ఏడాది పాటు ఆదివారాలు వదిలిపెడతామని మేనేజరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఆమె మడిచి పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. తల్లికి చూపించింది. తండ్రికి కూడా చూపించింది. "కాల్చగలిగితే వస్తుంది, లేకపోతే లేదు" అన్నాడాయన. నీళ్ళు పల్లానికి పారుతాయన్నంత గొప్ప సత్యం కనిపెట్టాడు.

ఎంపిక రోజు గుంటలో ఎవరు ఏ చట్రం దగ్గర ఉండాలో చీటీలు తీశారు. అరగ్రాముకి కూతురి చట్రమే వచ్చింది.

కెప్టెన్ మఫ్ఫు ఒకటి చెవి మీంచి జరిపి, "సొంత మనిషి కదా సార్, కావాలంటే మార్చుకోండి. ఇబ్బందేమీ లేదు" అన్నాడు.

అరగ్రాము మొహం ఎర్రబడింది. "నన్నా ఆ మాట అంటున్నావు? బజారుకెళ్ళి అడుగు నా సంగతి. నా కూతురని ఒక్క మిల్లీమీటరు కలిపేవాణ్ణి కాను" అని, పక్కన నిలబడ్డ కొత్తవాళ్ళకి వంటింటి గుమ్మం కథ మొత్తం చెప్పాడు. నూట ఇరవై తొమ్మిదిన్నర దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచాడు. పది అడుగుల దూరంలో కూతురు రైఫిలు తుడుచుకుంటోంది. తలెత్తలేదు.

మనిషికి పదిహేను తూటాలు. మార్కులు సమానమైతే చివరి తూటా ఎవరిది మెరుగో వాళ్ళదే చోటు. ముందు డాక్టరు కాల్చాడు. డెబ్బై ఐదుకి డెబ్బై ఒకటి. చివరి తూటా ఐదు. లేచి నిలబడి, గాలి లేకపోతే ఇంకా వచ్చేవని అందరికీ చెప్పుకున్నాడు. తరవాత కూతురు పడుకుంది. పద్నాలుగు తూటాలకి అరవై ఏడు. చివరిది ఐదైతే డెబ్బై రెండు, చోటు ఆమెది. నాలుగైతే డాక్టరుది. గట్టు మీద అందరికీ ఈ లెక్క తెలుసు. గుంటలో మనిషికి తెలీదు. గుంటలో వినబడేది నెత్తిమీద చిటపట, కనబడేది కాగితం.

పదిహేనో తూటా పేలింది. అరగ్రాము చట్రం కిందకి లాగాడు. కన్నం నల్ల గుండ్రానికి బయట, గీతకి ఆనీ ఆనకుండా ఉంది. కన్నానికీ గీతకీ మధ్య సన్నటి తెల్లటి పోగు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళి చూశాడు.

పక్క చట్రం దగ్గర నర్సు ఉంది. "గేజు పెట్టారా?" అంది.

గేజు జేబులోనే ఉంది. ఎవరో పరాయివాడి టార్గెట్ అయితే పెట్టేవాడేమో. ఇది కూతురిది. కూతురి కన్నంలో గేజు పెట్టడమంటే, ఒక మార్కు కోసం దేవులాడినట్టు నర్సు అనుకోదూ? ఆయన బుర్ర అలా పనిచేస్తుంది మరి. "ముప్ఫై నాలుగేళ్ళు చూసిన కళ్ళమ్మా ఇవి. నా కన్నే గేజు" అన్నాడు.

కంటితో కొలిచేవాడు దొంగ అన్న సామెత ఎవరిదో ఆ క్షణాన ఆయనకి గుర్తు రాలేదు. తెల్ల బిళ్ళ గుచ్చి, చట్రం పైకి తోసి, నాలుగు చూపించాడు.

కాల్చినవాళ్ళకి నమ్మకం లేకపోతే, టార్గెట్ దించకముందే చెయ్యెత్తి మళ్ళీ చూడమనొచ్చు. అప్పుడు కెప్టెన్ వాకీటాకీలో చెబుతాడు, గుంటలో గేజు పెట్టి తీరాలి. అరగ్రాము ఎదురు చూశాడు. వాకీటాకీ పలకలేదు. "చూశావా, నా పెంపకం! ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంది" అని నర్సుతో అన్నాడు. చట్రం దించి, బిళ్ళ పీకి, కన్నం మీద కాగితం ముక్క జిగురు రాసి అతికించాడు. అంచులు కూడా చక్కగా అదిమాడు.

అప్పుడు వాకీటాకీ పలికింది. నర్సు విని చెప్పింది. "ఇద్దరికీ డెబ్బై ఒకటే అట. చివరి తూటా మీద డాక్టరుకి ఇచ్చారు. ఐదు పడి ఉంటే మీ అమ్మాయికే వచ్చేది."

అరగ్రాము మళ్ళీ చట్రం వైపు తిరిగాడు. తరవాత జేబులో చెయ్యి పెట్టాడు. జిగురు ఇంకా ఆరలేదు. గోటితో కాగితం ముక్క మెల్లగా పీకి, గేజు కన్నంలోకి తోశాడు. ముడుచుకున్న కాగితం విచ్చుకుంది. ఇత్తడి అంచు నల్ల గీత మీద కూచుంది. అంటీ అంటనట్టు కాదు. నిక్షేపంగా, దర్జాగా కూచుంది. గేజు తీసి మళ్ళీ పెట్టాడు. అటు తిప్పి పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా ఐదే. ఆయన నోరు ఎండిపోయింది. బజారులో ఎన్నో త్రాసుల ముందు ఎందరి నోళ్ళో అలా ఎండిపోతుంటే చూసినవాడు, తన నోరు ఎండిపోవడం అదే మొదటిసారి.

ఎండలో ఆరువందల మీటర్లు రొప్పుతూ నడిచి గట్టెక్కాడు. డాక్టరు అందరికీ చేతులు ఊపుతున్నాడు. కెప్టెన్ అంతా విని, మఫ్ఫు సర్దుకున్నాడు. "టార్గెట్ దించాక మార్చడం కుదరదు సార్. కాల్చినవాళ్ళు అడగాలి. మీ అమ్మాయి అడగలేదు. రూలు అంతే."

రూలు అంతే. ఆ మాట తను ఎందరితో అన్నాడో లెక్కే లేదు. వినడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఎవరికి లాభం?

తిరుగుదారిలో రైలు గేటు పడింది. కూతురు స్కూటరు ఆపి, ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెనక కూచున్న అరగ్రాముకి ఆమె మెడ మీద చెమటకి అంటుకున్న జుట్టు మాత్రమే కనబడుతోంది.

"అది ఐదేనమ్మా" అన్నాడు.

ఆమె ఒళ్ళో హెల్మెట్ పట్టీ సర్దుకుంది.

"తరవాత గేజు పెట్టి చూశాను. గీత మీదే ఉంది. నేనే... కంటితో చెప్పేశాను."

"తెలుసు."

"తెలుసా?"

"బిళ్ళ గీత మీదే కనబడింది నాన్నా. అక్కడున్న అందరికీ కనబడింది. నర్సక్కయితే గేజు పెట్టేదే."

"మరి చెయ్యెత్తలేదేం? అడిగితే పెట్టేవాణ్ణి కదా!"

కూతురు పట్టాల వైపు చూస్తూ చెప్పింది. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

"సగం ఎత్తాను. గుంటలో నువ్వున్నావని గుర్తొచ్చి దించేశాను. తొమ్మిదేళ్ళప్పుడు గుమ్మం దగ్గర అడిగాను. స్కేలు మరీ అదిమావు, నొప్పెడుతోంది, మళ్ళీ కొలువు నాన్నా అని. ఏమన్నావో గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. ఎందుకుండదు? చుట్టాలకి చెప్పిన ప్రతిసారీ ఆ ముక్క కూడా కలిపే చెప్పేవాడు, వాళ్ళు నవ్వుతారని. 'నా కొలత మీద కొలతా?' అన్నాడప్పుడు.

"అప్పటినుంచి నిన్ను మళ్ళీ కొలవమని అడగడం మానేశాను" అంది కూతురు. "అలవాటైపోయింది. ఇవాళ కూడా చెయ్యి దానంతటదే దిగిపోయింది."

రైలు వెళ్ళింది. గేటు లేచింది. వెనకాల లారీవాడు హారను కొట్టాడు. ఆమె హెల్మెట్ పెట్టుకుని స్కూటరు తీసింది. ఇంటికెళ్ళాక పర్సులోంచి మేనేజరు కాగితం తీసి, చింపలేదు, ఏమీ చెయ్యలేదు, సొరుగులో పడేసి అన్నానికి కూచుంది. తల్లి ఒకసారి కూతురి మొహం, ఒకసారి మొగుడి మొహం చూసి అన్నం వడ్డించింది. ఆ పూట కూరలో ఉప్పెంత అని ఆయన అడగలేదు.

మరుసటి ఆదివారం కూతురు ఫ్యాక్టరీకి వెళ్ళింది. అరగ్రాము బస్సెక్కి మైదానానికి వెళ్ళాడు. కెప్టెన్ చాప చూపిస్తే వద్దన్నాడు. గుంటలోకి దిగుతానన్నాడు.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం గుంటలోనే ఉంటున్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడు ప్రతి కన్నానికీ గేజు పెడతాడు. గీత పక్కన పడ్డదానికే కాదు, గుండ్రం నడిమధ్యన పడ్డదానికీ పెడతాడు, టార్గెట్ మూల చివర పడ్డదానికీ పెడతాడు. ఒక్కో తూటాకి రెండు నిమిషాలు. పైన కాల్చేవాళ్ళు తిట్టుకుంటున్నారు. డాక్టరైతే తన గురి చెడగొట్టడానికే ఈ ముసలాడు పంతం పట్టాడని క్లబ్బంతా చాటుతున్నాడు. "గురి చూడ్డం నేర్చుకోమంటే గుంట పట్టుకున్నాడు" అని నవ్వుకుంటారు. నవ్వితే తప్పేముంది? నవ్వాల్సిన మనిషే.

మొన్న ఆదివారం ఎవరో కొత్త కుర్రదాని తూటా, సరిగ్గా ఆ రోజు పడ్డట్టే, గీతకి బయట సన్నటి తెల్లటి పోగు వదిలి పడింది. కంటికి నాలుగే. అరగ్రాము గేజు పెట్టాడు. అంచు గీతకి తగిలింది. బోర్డు మీద ఐదు పైకెత్తి, చేతులు నొప్పెట్టేదాకా పట్టుకున్నాడు. వాకీటాకీ తీసుకుని, రూల్లో లేని మాట ఒకటి, "బాగుంది" అని కూడా చెప్పాడు.

గట్టు మీద ఆ పిల్ల ఎగిరి గంతేసిందట. ఆ వేళకి కూతురు పరీక్షగదిలో ఆ పూటకి పదిహేడో పంపు మీద ముద్ర వేస్తోంది.